ఆహారం మీద పత్రిక పెడుతున్నారా? ఏ నియమం మీకు గిట్టుబాటవుతుందో ముందే చూసుకోండి

"షుగర్‌కు చెక్ పెట్టే మెంతులు" అని హెడ్డింగ్ పెడితే వచ్చే జనం, "మెంతులు ఎంత తింటే షుగర్ ఎంత తగ్గుతుంది" అని పెడితే రారు. డెస్క్‌లో నాలుగు రోజులు కూర్చున్న ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. అందుకే ఆహారం, ఆరోగ్యం మీద సొంతంగా చిన్న పత్రికో, యూట్యూబ్ చానెలో మొదలుపెట్టేవాళ్లలో కాస్త భయభక్తులున్నవాళ్లు ముందే ఒక నియమావళి రాసుకుంటారు. చాలామంది దాన్ని పెద్ద విదేశీ సంస్థల్ని చూసి రాస్తారు. ప్రతి వ్యాసాన్నీ డాక్టర్ల బృందం చదువుతుందట, ప్రతి వాక్యానికీ ఆధారం ఉంటుందట, ఏటా పాతవన్నీ తిరగరాస్తారట. మూడో నెల వచ్చేసరికి అందులో ఒక్కటీ జరగదు. నియమావళి మాత్రం గోడమీద చక్కగా ఉంటుంది.

ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే చోట ఏ నియమం ఎంచుకున్నా ఒక్కటే అడగండి: ఒకరికి జ్వరమొచ్చి, ఇంకొకరు పెళ్లికి ఊరెళ్లిన వారంలో కూడా ఇది జరుగుతుందా? జరగదనిపిస్తే దానికంటే చిన్నది ఎంచుకోండి. కింద చెప్పే పోలికలన్నీ ఈ లెక్కలోనే చేశాను.

ఆధారం ఎక్కడినుంచి: అధ్యయనమా, మార్గదర్శకమా, అనుభవమా

మెంతులతోనే మొదలుపెడదాం. వాటి మీద అసలైన పరిశోధన మన హైదరాబాద్‌లోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగింది. ఆ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇన్సులిన్ మీద ఆధారపడే టైప్ 1 రోగులకు పది రోజులపాటు మెంతిపొడి కలిపిన ఆహారం ఇచ్చారు. మూత్రంలో పోయే చక్కెర సగానికి పైగా తగ్గింది. గొప్ప ఫలితమే. అయితే వాళ్లు ఇచ్చింది నూనె తీసేసిన మెంతిపొడి, అదీ రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం. మన ఇళ్లలో రాత్రి నానబెట్టి పొద్దున్నే మింగేది ఒక చెంచాడు, అంటే నాలుగైదు గ్రాములు. వంద గ్రాముల మెంతిపొడిని ఒకసారి గిన్నెలో పోసి చూడండి. అది రోజూ తినగలమా అన్నది చేదు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పరిశోధనలో తప్పేమీ లేదు. దాన్ని "చెక్" అన్న హెడ్డింగ్‌లోకి దింపినప్పుడు మోతాదు, రోజులు, రోగుల రకం మూడూ జారిపోయాయి.

కొత్త అధ్యయనాల మీద బతికే పత్రికకు ఈ పని ప్రతివారం ఉంటుంది. అసలు పేపర్ తీయాలి, ఎంతమంది మీద చేశారో, ఎన్నాళ్లు చేశారో, ఏమేం కొలిచారో చూడాలి. చూడకపోతే ఏమవుతుందో 2015లో జాన్ బొహానన్ అనే జర్నలిస్టు చేసి చూపించాడు. జర్మనీలో పదిహేను మందితో మూడు వారాలు చాక్లెట్ డైట్ ప్రయోగం చేయించి, పద్దెనిమిది రకాల కొలతలు తీసి, యాదృచ్ఛికంగా కలిసొచ్చినదాన్ని పట్టుకుని "చాక్లెట్ తింటే త్వరగా బరువు తగ్గుతారు" అని ప్రచురించాడు. పలు దేశాల పత్రికలు ఎగబడి వేసుకున్నాయి. ఆ తర్వాత, ఇదంతా కావాలనే చేశానని తనే చెప్పాడు.

రెండో దారి మార్గదర్శకాలు. భారతీయ వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2024 మే నెలలో భారతీయులకు 17 ఆహార మార్గదర్శకాలు విడుదల చేశాయి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దు, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ కాఫీలు వద్దు, కండల కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దు, ఇలా ఉంటాయి. చదివితే ఆవలింత వస్తుంది, నిజమే. పైగా అవి దేశమంతటికీ రాసినవి. ఆవకాయా, మజ్జిగ మిరపకాయలూ, చేపల పులుసూ కలిపి ఆ 5 గ్రాముల్లో ఎలా ఇమడ్చాలో అందులో ఉండదు. చిన్న పత్రికకు పని దొరికేది సరిగ్గా అక్కడే. మార్గదర్శకాన్ని మన కంచంలోకి దించడం ఒక మనిషి చేయగలిగిన పని, పాతబడని పని.

మూడోది అనుభవం. తెలుగు రాష్ట్రాల్లో ఉప్పూ నూనే లేని వంట ఒక అల, కొబ్బరినూనె తాగే డైట్ ఇంకొక అల, సిరిధాన్యాలు మరొక అల. ప్రతి అలకూ "నాకు మందులు మానేసేంత తగ్గింది" అని చెప్పేవాళ్లు వందలమంది దొరుకుతారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. తగ్గనివాళ్లు మైకు ముందుకు రారు, అంతే.

నా ఓటు మార్గదర్శకానికి. అధ్యయనాన్ని దానికి తోడుగా, ఎంతమంది ఎన్నాళ్లు అన్నది మొదటి పేరాలోనే చెప్పి వాడుకోండి. అనుభవాన్ని వంటల పేజీలో వేయండి. రుచికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

పోషకాల అంకెల విషయంలో మాత్రం రెండో ఆలోచన వద్దు. ఇంటర్నెట్‌లో ముందు కనిపించే అమెరికా పట్టిక కాకుండా, జాతీయ పోషకాహార సంస్థే 2017లో తెచ్చిన భారతీయ ఆహార పదార్థాల పట్టిక పక్కన పెట్టుకోండి. 528 పదార్థాలున్నాయి, మన గోంగూర కూడా ఉంది. అయితే పట్టిక చూసి రాసినా పప్పులో కాలేసే వీలుంది. "పాలకంటే రాగుల్లో మూడింతల కాల్షియం" అన్న మాట ఎన్నిసార్లు చదివుంటారో. ఆ పట్టిక ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో దాదాపు 120. కాబట్టి మూడింతలు నిజమే, తాగేదాకా. గ్లాసుడు రాగి జావలో పడేది పాతిక గ్రాముల పిండి, అంటే 90 మిల్లీగ్రాములు. గ్లాసుడు పాలలో దానికి దాదాపు మూడింతలు! అంకె మారలేదు, గ్లాసు మారింది. అందుకే ఒక చిన్న నియమం పెట్టుకోండి: అంకె రాసిన ప్రతిచోటా అది పొడి గింజదా, వండినదా, ఎంత గిన్నెకు అన్నది పక్కనే ఉండాలి. ఖర్చు లేదు, రెండు నిమిషాల పని.

ఎవరి చేత చదివించాలి

"డాక్టర్ గారు చూశారు" అంటే పాఠకుడికి ధైర్యం. ఆ డాక్టర్ ఎవరన్నదే ప్రశ్న. మన దగ్గర పేరు ముందు ఆ రెండక్షరాలు ఎంబీబీఎస్ చదివినాయనకూ ఉంటాయి, పళ్ల డాక్టరుకూ ఉంటాయి, తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినాయనకూ ఉంటాయి. కాబట్టి పేరుతోపాటు చదువు మొత్తం రాయండి.

వారంవారం చదివించడానికి డాక్టరుకంటే క్లినికల్ డైటీషియన్ మేలు. కారణం సింపుల్: ఆమె రోజంతా చేసేదే ఇది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి "అన్నం ఎన్ని గరిటెలు తింటారమ్మా" అని అడిగి అడిగి, జనం నిజంగా తినేదేంటో ఆమెకు తెలుసు. పెద్ద స్పెషలిస్టుకు టైమ్ ఉండదు. ఆయన పేరు మాత్రమే వేసుకుని వ్యాసం పంపకపోవడమనే అలవాటు అక్కడే మొదలవుతుంది.

అయితే మందులు వాడేవాళ్ల ఆహారం గురించి రాసే ఏ ముక్కైనా స్పెషలిస్టు చూడకుండా వెళ్లకూడదు. ఉదాహరణకు పిండిపదార్థాలు దాదాపు మానేసే డైట్. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు సొంతంగా ఆ డైట్‌లోకి దిగితే, రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరిగే ముప్పు ఎక్కువవుతుంది. ఇంట్లో మీటరు మీద షుగర్ మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు కూడా, అందువల్ల ఎవరికీ అనుమానం రాదు. ఇంకొకటి, సోడియం తగ్గించిన ఉప్పు. బీపీ ఉన్నవాళ్లకు మంచిదని చెప్పి వదిలేస్తే, అందులో సోడియం బదులు కలిపే పొటాషియం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. పొటాషియం ఉండే కొబ్బరినీళ్ల వ్యాసానికీ ఇదే వర్తిస్తుంది. ఇలాంటివి నెలకు ఒకటో రెండో వస్తాయి. వాటికి మాత్రం డబ్బులిచ్చి చదివించుకోండి. ఊరికే చదివిపెట్టమంటే ఊరికే చదివినట్టే ఉంటుంది.

మీకు స్పెషలిస్టు దొరకలేదా? అయితే ఆ విషయం మీద రాయకండి. ఆహారం పత్రిక జబ్బుల పత్రిక కానక్కర్లేదు. "నయం", "తగ్గిపోతుంది" అన్న మాటలకు దూరంగా ఉంటే చట్టపరమైన తలనొప్పి కూడా తగ్గుతుంది. 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం షుగర్, ఊబకాయం, బీపీ లాంటి జబ్బులు నయమవుతాయంటూ మందులకు ప్రచారం చేయడాన్ని ఎప్పుడో నిషేధించింది. చిన్న చానెళ్లకు వచ్చే చూర్ణాల ప్రకటనల్లో సగం ఈ గీత మీదే నడుస్తుంటాయి.

డబ్బు

అసలు నియమావళి ఇక్కడే తేలుతుంది. నాలుగు దారులున్నాయి: ప్రకటనలు, చందాలు, విరాళాలు, సొంత సరుకు అమ్మకం.

సొంత సరుకు సంగతి ముందు చెప్పేస్తాను. గానుగ నూనె, కొర్రలు, తాటిబెల్లం అమ్ముకుంటూ వాటి గురించే వ్యాసాలు రాసేవాళ్లున్నారు. మంచి సరుకే అమ్ముతుండొచ్చు. అది వ్యాపారం, అందులో తప్పు లేదు. దాన్ని స్వతంత్ర పత్రిక అని మాత్రం పిలవకండి. గానుగ నూనె అయినా రోజుకు ఇన్ని చెంచాలు దాటొద్దని మీరు ఏ రోజు రాయగలరు?

ప్రకటనలు సులువుగా వస్తాయి. వచ్చేవి ఎక్కువగా ఆహార కంపెనీలవే కావడం అసలు చిక్కు. డబ్బు ఇచ్చినవాళ్లు ఏం రాయాలో చెప్పక్కర్లేదు, ఏం రాయకూడదో మనకే తెలిసిపోతుంది. పెద్ద పెద్దవాళ్లూ దీనికి అతీతులు కాదు. 1967లో అమెరికాలోని ప్రఖ్యాత వైద్య పత్రికలో హార్వర్డ్ శాస్త్రవేత్తలు గుండెజబ్బుల మీద ఒక సమీక్ష రాశారు. తప్పంతా కొవ్వుదే అన్నట్టు, చక్కెర పాత్ర అంతగా లేదన్నట్టు సాగింది. దానికి చక్కెర పరిశ్రమ సంస్థ 6,500 డాలర్లు ఇచ్చిందని పాత ఉత్తరాలు తిరగేస్తే 2016లో బయటపడింది. డబ్బు ఎవరిచ్చారో చెప్పాలన్న నియమం ఆ రోజుల్లో ఆ పత్రికకు లేదు, 1984లో పెట్టుకుంది.

మన దగ్గర ఇప్పుడు ఆ నియమం చట్టంలోనే ఉంది. డబ్బు తీసుకునో, ఉచితంగా సరుకు తీసుకునో చెప్పే మాటను ప్రకటన అని స్పష్టంగా చూపించాలి. తప్పుదారి పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆరోగ్యం గురించి చెప్పే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హత చెప్పాలని 2023 ఆగస్టులో కేంద్రం విడిగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. వీడియో కింద ఎక్కడో "కొలాబ్" అని చిన్నగా రాసి చేతులు దులుపుకుంటే కుదరదు.

చందాలు అన్నిటికంటే శుభ్రమైనవి, అన్నిటికంటే కష్టమైనవి కూడా. తెలుగువాళ్లు పుస్తకానికి డబ్బు పెడతారు గానీ ఫోన్లో చదివేదానికి పెట్టడం ఇంకా అలవాటు కాలేదు. మొదటి ఏడాది చందాల మీదే బతుకుతామనుకుంటే ఇంటి అద్దె కట్టలేరు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లు ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కోసం కట్టే చందా మీద కాస్త ఆశ పెట్టుకోవచ్చు. విరాళాలు ఒక ఏడాదికి పనికొస్తాయి, రెండో ఏడాదికి అడగడానికే మొహమాటం.

కాబట్టి మధ్యదారి ఒకటుంది. ప్రకటనలు తీసుకోండి, తిండీ మందూ తప్ప. బట్టల షాపులు, బ్యాంకులు, కోచింగ్ సెంటర్లు, కుక్కర్లు. ఆదాయం తగ్గుతుంది, కానీ నియమం ఒక్క వాక్యం కాబట్టి మార్కెటింగ్ చూసే కుర్రాడికి కూడా అయోమయం ఉండదు. "ఆరోగ్యకరమైన ఆహార ప్రకటనలు మాత్రమే తీసుకుంటాం" అన్న నియమం వినడానికి ఇంకా బాగుంటుంది. ఏది ఆరోగ్యకరమో ప్రతి ప్రకటనకూ కూర్చుని వాదించుకోవాలి, అద్దె కట్టాల్సిన వారంలో ఆ వాదన ఎలా ముగుస్తుందో ఊహించుకోండి.

ఈ దారిలో ఉంటే రాయగలిగే కథలు కూడా వేరుగా ఉంటాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్, ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు) అన్న పేరు పెట్టుకుని అమ్ముడయ్యే తీపి పానీయాల మీద ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. ఆ పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. విరేచనాలతో ఉన్న పసివాడికి అది పడితే నీళ్లు ఇంకా పోతాయి. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఓఆర్‌ఎస్ అన్న పదాన్ని అలాంటి పానీయాల పేర్లలో వాడొద్దని ఆదేశించింది. మెడికల్ షాపులో డబ్బా తిప్పి, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి, రెండు అంకెలు పక్కపక్కన పెట్టడం, ఇది ఏ చిన్న పత్రికైనా చేయగలిగిన పనే. పానీయాల ప్రకటన చేతిలో లేకపోతే.

ఆ రోజే వేయాలా, ఆగాలా

ఆగండి. 2023 జులై 14న ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం, డైట్ కూల్‌డ్రింకుల్లో వాడే ఆస్పార్టేమ్‌ను "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న జాబితాలో పెట్టింది. అదే రోజు ఆహార సంకలితాల నిపుణుల సంఘం, కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితి మార్చక్కర్లేదని చెప్పింది. 70 కిలోల మనిషి అది దాటాలంటే రోజుకు తొమ్మిది నుంచి పద్నాలుగు డబ్బాల పైన తాగాలి. మొదటి ముక్క అందరూ వేశారు, రెండోది చాలామందికి చేరలేదు. దినపత్రికతో వేగంలో పోటీపడి గెలవలేరు కాబట్టి, "కొత్త వార్త వచ్చాక వారం ఆగి రాస్తాం" అని మీ పాఠకులకే చెప్పేయండి. టెన్షన్ కూడా తగ్గుతుంది.

తప్పు దొర్లితే

మూడు పద్ధతులు చూస్తుంటాం: వ్యాసం తీసేయడం, చప్పుడు చేయకుండా మార్చేయడం, పైన గమనిక పెట్టి మార్చడం. మొదటి రెండూ సులువే గానీ ఆరోగ్యం విషయంలో ఒక చిక్కుంది. మీ పాత మాట స్క్రీన్‌షాట్ రూపంలో ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. మీ దగ్గర గమనిక లేకపోతే, అది తప్పని తెలుసుకునే దారి ఎవరికీ ఉండదు.

మధ్యధరా ఆహారం గుండెకు మంచిదని చెప్పిన ప్రెడిమెడ్ అధ్యయనం స్పెయిన్‌లో ఏడువేల మందికి పైగా మీద జరిగింది, 2013లో వచ్చింది. ఎవరికి ఏ ఆహారం ఇవ్వాలన్న లాటరీ కొన్నిచోట్ల సరిగా జరగలేదని తర్వాత తేలింది. 2018లో దాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలన్నీ మళ్లీ చేసి, అదే పత్రికలో మళ్లీ వేశారు. ఫలితం దాదాపు అదే, మాటల్లో మాత్రం జాగ్రత్త పెరిగింది. వాళ్ల పరువేమీ పోలేదు.

చిన్న పత్రికకు నేను చెప్పేది: తేదీతో సహా మూడు ముక్కలు, ముందు ఏం రాశాం, ఇప్పుడు ఏది సరైనది, ఎవరు చెబితే తెలిసింది. యూట్యూబ్‌లో అయితే డిస్క్రిప్షన్‌లో పెడితే ఎవరూ చూడరు, పిన్ చేసిన కామెంట్‌లో పెట్టండి. మోతాదు తప్పయితే మాత్రం వీడియో తీసేసి మళ్లీ చేయాల్సిందే. "ఏటా పాత వ్యాసాలన్నీ సమీక్షిస్తాం" అన్న పెద్ద మాట బదులు, ఎక్కువమంది చదివే పది వ్యాసాలు ఆరు నెలలకోసారి చూస్తాం అనండి. చదివే జనం అంతా ఆ పదింటి దగ్గరే ఉంటారు.

పాఠకుల రిపోర్టులు

దీనికి ఎవరూ ముందే సిద్ధంగా ఉండరు. పత్రిక మొదలైన కొద్ది వారాలకే వాట్సాప్‌లో రిపోర్టుల ఫొటోలు రావడం మొదలవుతుంది. "మా నాన్నగారికి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.6, ఏం పెట్టమంటారు?" 2023 నాటి ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనాలో దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్ల పైమాటే, కాబట్టి ఇవి ఆగవు.

విడివిడిగా సమాధానం చెబితే జనానికి ఇష్టం. కానీ అది వైద్యం అవుతుంది. 2020లో వచ్చిన టెలిమెడిసిన్ నియమాల ప్రకారం ఫోన్లో వైద్య సలహా ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ డాక్టరే. అసలు సమాధానమే ఇవ్వకపోతే ఆ కొడుకు వేరే చానెల్‌కి వెళ్తాడు, అక్కడ చూర్ణం అమ్ముతారు. మధ్యలో ఉన్న దారి, ఒకేలాంటి ప్రశ్నలు పది పోగయ్యాక పేర్లు లేకుండా ఒక వ్యాసం రాయడం, ఈలోగా అందరికీ ఒకే మర్యాదైన సమాధానం పంపడం. అది ముందే రాసి పెట్టుకోండి, ఇలా:

"నమస్కారమండీ. నాన్నగారు వాడే మందులు, కిడ్నీ పరీక్షలు తెలియకుండా ఆయనకు ఏం పెట్టాలో మేం చెప్పకూడదు. షుగర్ ఉన్నవాళ్లు అన్నం ఎంత, దేనితో కలిపి తినొచ్చన్న దాని మీద మేం రాసిన వ్యాసం పంపుతున్నాం. ఈసారి డాక్టర్ గారి దగ్గర ఈ మూడూ అడగండి: ఈ మాత్రలు వేసుకుంటూ ఉపవాసం ఉండొచ్చా? కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించాలి? ఇక్కడ డైటీషియన్ ఉన్నారా? ఇంట్లో 30 ఏళ్లు దాటినవాళ్లు ఇంకెవరైనా ఉంటే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ పరీక్ష ఉచితంగా చేస్తారు."

సమాధానం పంపాక ఆ రిపోర్టు ఫొటోని ఫోన్లోంచి తీసేయండి. ఆఫీసు ఫోన్ నలుగురి చేతుల్లో తిరుగుతుంది.